మొదటి ఆదివారం చూసుకుని: నెల్లూరు నుంచి గుండ్లకమ్మ దాకా నాలుగు రోజులు

నెల్లూరు, ఒంగోలు మధ్య బాప్టిస్టు మిషను ఆనవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు చేసే మొదటి పొరపాటు తేదీ దగ్గరే. సెలవులు చూసుకుని టికెట్టు తీసుకుంటారు, నెలలో మొదటి ఆదివారం ఎప్పుడో చూసుకోరు. ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘాల్లో ప్రభు బల్ల, అంటే విశ్వాసులు కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం, సాధారణంగా ఆ ఆదివారమే. మిగతా వారాల్లో వచ్చినా గుళ్లు కనిపిస్తాయి, సమాధులు కనిపిస్తాయి, కొండ కనిపిస్తుంది. ఆ విశ్వాసం ఇప్పటికీ ఏ పనిలో బతుకుతోందో చూడాలంటే మాత్రం శనివారం సాయంత్రం ఒక చిన్న గుడి వెనక వంటింట్లో ఉండాలి. అందుకే ఈ ప్రయాణం శుక్రవారం మొదలై సోమవారం ముగుస్తుంది.

నెల కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా ఈ తీరానికి వాయుగుండాల కాలం. పెన్న పొంగినా, వాగులు రోడ్డెక్కినా ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. మేలో పదింటికే కాళ్లు కాలతాయి. జనవరి, ఫిబ్రవరి అన్ని విధాలా నయం. సంచిలో మడమ పట్టే చెప్పులు, చిన్న టార్చి, టోపీ, నీళ్ల సీసా ఉంటే చాలు. ఆదివారం కోసం ఒక జత శుభ్రమైన నూలు బట్టలు విడిగా పెట్టుకోండి. గుడికి జీన్సుతో పోతే ఎవరూ ఏమీ అనరు గానీ, ముందు వరుసలో ఉన్న పెద్దావిడల చూపులు అంటాయి.

మొదటి రోజు, శుక్రవారం: నెల్లూరు

రైలు దిగితే ఊరి నడిమధ్యలోనే ఉంటారు. మిషను ఆవరణలు ఆటో దూరమే. ఇక్కడ చూడాల్సినవాటిలో సగం ఇప్పటికీ పనిచేస్తున్న చోట్లు: ఆసుపత్రి, బళ్లు, గుడి. స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసే ఏబీఎం (అమెరికన్ బాప్టిస్టు మిషను) ఆసుపత్రి ఆవరణలోకి వెళ్తే అది ముందు ఆసుపత్రి, తర్వాతే చరిత్ర. కాన్పుల వార్డు వైపు ఫోను ఎత్తొద్దు. ఆఫీసులో అడిగి, ఎక్కడిదాకా వెళ్లొచ్చో చెప్పించుకుని అక్కడే ఆగండి. గుడి చూడాలంటే శుక్రవారం సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. మధ్యాహ్నం తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే గంట పడుతుంది.

పాత సమాధి రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే చాలామంది చేసే పని సుద్ద రుద్దడం, లేదంటే నూనె పూయడం. రెండూ రాయికి చేటు. నూనె మరక పోదు, దుమ్ముని పట్టుకుంటుంది. దాని బదులు టార్చిని రాయికి పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టి వెయ్యండి. చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. ఉదయం ఏడింటి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు టార్చి కూడా అక్కర్లేదు.

చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి, లేకపోతే మిగతా మూడు రోజులూ అర్థం కావు. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరు చేరాడు. లైమన్ జూయెట్ 1849లో వచ్చాడు. అప్పటికి బాప్తిస్మం తీసుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డబ్బు దండగ, మూసేద్దాం అన్న మాట అమెరికాలో ఈ మిషనును నడిపే బోర్డులో ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో గోడ మీద పటం వేలాడుతోంది, మిషను కేంద్రాలకు నక్షత్రాల గుర్తులు. బర్మా వైపు గుంపుగా నక్షత్రాలు, సముద్రానికి ఇవతల నెల్లూరు ఒక్కటే. ఆ ఒంటరి నక్షత్రాన్ని ఆర్పేస్తామా అన్న మాట మీద శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ రాత్రే పద్యం కట్టాడు, మర్నాడు సభలో చదివారు. మూసివేత ఆగింది. అప్పటినుంచి ఇది లోన్ స్టార్ మిషను. నెల్లూరులో ఆ పేరు ఇంకా గుడి బోర్డుల మీద కనిపిస్తుంది. దాని వెనక మూతపడబోయిన దుకాణం కథ ఉందని మాత్రం ఎక్కువమందికి తెలియదు.

రాత్రికి చేపల పులుసుతో భోజనం, మలై కాజా ఒకటి. అంతకు మించి నెల్లూరు గురించి ఈ ప్రయాణంలో చెప్పుకునేది లేదు.

రెండో రోజు, శనివారం: రామాయపట్నం మీదుగా ఒంగోలు

ఉదయం ఆరున్నరకే బయల్దేరాలి. సాయంత్రం నాలుగింటికి ఒంగోలులో ఉండకపోతే ఈ రోజంతా వృథా. నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద 120 కిలోమీటర్ల చిల్లర. నేరుగా పోతే బస్సుకు రెండున్నర, మూడు గంటలు. రైలైతే ఇంకా సుఖం గానీ, మధ్యలో రామాయపట్నం పోతుంది. కాబట్టి కారు, లేదంటే కావలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో.

కావలిలో ఎరుకల కుటుంబాలను ప్రభుత్వం నేరస్థ జాతి అని ముద్ర వేసి సెటిల్‌మెంటులో పెట్టిన రోజుల్లో, దాని నిర్వహణ మిషను చేతికి వచ్చింది. ఆ చరిత్రలో మంచీ ఉంది, మింగుడుపడనిదీ ఉంది. ఒక పూటలో తేలేది కాదు, కాఫీ తాగి ముందుకు పోవడమే.

తెట్టు దగ్గర హైవే వదిలి తూర్పుకు తిరిగితే రామాయపట్నం. ఇది ఏ జిల్లాలో ఉందంటే, ఏ ఏడాది సంగతి అడుగుతున్నారో ముందు చెప్పాలి. 1970 దాకా నెల్లూరు, ఆ తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో కందుకూరు డివిజనుతో కలిసి మళ్లీ నెల్లూరు. ఆ తర్వాతా గీతలు కదులుతూనే ఉన్నాయి. మనకు కావాల్సిన సంవత్సరం 1872. ఊరూరా తిరిగే తెలుగు బోధకులను తయారుచేయడానికి సెమినరీ పెట్టింది ఇక్కడే. బోధకులు కుటుంబాలతో వచ్చి ఉండేవాళ్లు, భార్యలు కూడా చదువుకునేవాళ్లు. అక్షరం రాని పల్లెలో బైబిలు చదివి వినిపించే మనిషి ఒక్కరు కాదు, ఇద్దరు దిగేవాళ్లన్నమాట. ఇప్పుడు ఈ తీరంలో పోర్టు పనులు నడుస్తున్నాయి. లారీల దుమ్ము ఎక్కువ, కొన్ని దారులు మూసి ఉంటాయి. గంటన్నర కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. మళ్లీ హైవే ఎక్కి ఒంగోలు వైపు పోతుంటే ఉలవపాడు దగ్గర వేసవిలోనైతే మామిడికాయల బుట్టలు రోడ్డు పొడుగునా ఉంటాయి. చలికాలం సపోటాలతో సరిపెట్టుకోవాలి.

నాలుగింటికి ఒంగోలు. పెద్ద గుడి కాదు, ఊరి శివారులో 160 మంది దాకా బల్ల తీసుకునే ఒక చిన్న సంఘానికి వెళ్లాలి. ఇలాంటివి చాలానే ఉన్నాయి. పాస్టరు గారికి రెండు రోజుల ముందు ఫోను చేసి, "బల్ల సిద్ధం చేసేటప్పుడు చూడొచ్చా అండీ" అని అడిగితే కాదనే వాళ్లు అరుదు. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక గుడిలో కనిపించిన మనిషి గురించి. డెబ్బై దాటిన అమ్మ, ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా పనిచేసి రిటైరైంది. పేరు రాయొద్దంది. "పేరు రాస్తే ఈ పని నాదైపోద్ది నాయనా" అని ఆమె చెప్పిన కారణం.

పొయ్యి మీద స్టీలు గిన్నె. అందులో అర కిలో నల్ల ఎండు ద్రాక్ష, రెండున్నర లీటర్ల నీళ్లు. ఉదయం పదింటికే నానబెట్టింది. నానబెట్టే ముందు గోరువెచ్చని నీళ్లలో మూడుసార్లు కడగాలి. ద్రాక్ష ఒకదానికొకటి అంటుకోకుండా, మెరవడానికి నూనె పూసి ఉంటుంది. అది పోకపోతే రసం మీద జిడ్డు తేలుతుంది, గాజు గ్లాసులో ఇట్టే కనబడుతుంది. గింజ ఉన్న ద్రాక్షే కొంటుంది, రంగు చిక్కగా వస్తుంది, ధర తక్కువ. ఇనప గిన్నె వాడితే రసం నల్లబడి చిలుమువాసన వస్తుంది. సత్తు గిన్నె కూడా పులుపుతో పడదు.

సన్నని మంట మీద ఇరవై నిమిషాలు. పొంగితే గింజ చితికి వగరు దిగుతుంది, అందుకే మంట పెంచదు. తర్వాత గరిటె వెనకతో మెత్తగా అదిమి, పలుచని మల్లు గుడ్డలో వడకట్టి పిండుతుంది. రెండు లీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది. రుచి చూసి, పుల్లగా ఉంటేనే పిడికెడు పంచదార.

ఎక్కువమంది దగ్గర చెడేది ఇక్కణ్ణుంచే. చల్లారాక పోద్దాంలే అని గిన్నె మీద పళ్లెం బోర్లించి వదిలేస్తారు. ఒంగోలు ఉక్కలో గోరువెచ్చటి తీపి రసం రాత్రంతా బయట ఉంటే తెల్లారేసరికి బుడగలు కడుతుంది, మూత తీస్తే టప్పుమంటుంది. పులిసిన రసం బాప్టిస్టుల బల్ల మీదికి రాదు. ఉడికించినప్పుడు పులియబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి నిజమే, కానీ గుడ్డ, గరాటు, సీసా, మూత ఈ నాలుగింటిలో దేన్నుంచైనా మళ్లీ చేరతాయి. అందుకే ఆమె ఆ నాలుగూ వేరే గిన్నెలో మరగబెడుతుంది. సీసాను ముందు వేణ్ణీళ్లతో కాచుకుని, పొగలు కక్కే రసాన్ని మూతి దాకా నింపి అప్పుడే బిగిస్తుంది. చల్లటి సీసాలో వేడి రసం పోస్తే పగులుతుంది, సగం నింపి వదిలితే లోపలి గాలే చెడగొడుతుంది. బయట చల్లారాక ఫ్రిజ్‌లోకి. ముప్పై ఏళ్లకు పైగా కాన్పుల గదిలో కత్తెరలు, గుడ్డలు మరగబెట్టిన చేతి అలవాటు, ఆదివారం కోసం ఆమె కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు.

రొట్టె ఇంకా తేలిక. పావు కిలో గోధుమపిండి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె, నీళ్లు. పులియబెట్టేది ఏమీ వేయరు. చపాతీ కంటే కొంచెం మందంగా, అరచేయంత వెడల్పున ఎనిమిది రొట్టెలు. పెనం మీద వేసేముందే చాకుతో చిన్న గళ్లు గీయాలి, లోతుగా కాదు, గీత పడేంత. కాలాక గీత వెంట చేత్తో విరిస్తే ఒక్కోదానికి ఇరవై ముక్కలు. కాలాక చాకుతో కోస్తే పొడి రాలుతుంది. పలుచగా ఒత్తితే అప్పడంలా పగులుతుంది, మరీ మందమైతే లోపల పచ్చి.

గ్లాసులు గాజువి, బొటనవేలంత. నాలుగు పళ్లేలు, పళ్లేనికి నలభై గుంటలు, మొత్తం 160. గిన్నె అడుగున పాత గుడ్డ పరిచి, చన్నీళ్లలో గ్లాసులు పేర్చి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. మరిగే నీళ్లలో వేస్తే చిట్లుతాయి. "ప్లాస్టిక్‌వి వస్తున్నాయి గదమ్మా, వాడి పారేస్తే పోలా" అంటే తల అడ్డంగా ఊపింది.

వాళ్ల నాన్న కూలికి పోయిన పల్లెలో టీ కొట్టు చూరులో ఆయన గ్లాసు విడిగా దోపి ఉండేదట. తాగి, తనే కడిగి, మళ్లీ చూరులో పెట్టాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, చెయ్యి ఆగలేదు.

"ఈడ గ్లాసులన్నీ ఒక్కటే నాయనా. కడిగేటప్పుడు ఏది ఎవురు తాగిందో తెలవదు. తెలవకూడదు. పారేసేవైతే కడిగే పనే ల్యా, ఇంక ఆ సంగతి పిలకాయలకి ఎట్టా తెలస్తది?"

అంతలో కుక్కర్ కూత వినిపించి, పక్కింటి కోడలికి ఏదో పురమాయించి, మళ్లీ గ్లాసుల్లో పడింది. ఆమె ముందు నిలబడి మాట్లాడిన సమయం మొత్తం గంటన్నర కూడా ఉండదు.

మూడో రోజు, ఆదివారం: కొండ, బల్ల, కాలువ

చీకటితోనే లేవాలి. జనవరిలో ఒంగోలులో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, అరగంట ముందు ప్రార్థన కొండ కింద ఉంటే సరిపోతుంది. ఎక్కడం పెద్ద కష్టం కాదు గానీ చిన్న రాళ్లు జారతాయి. దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు, ఎక్కేటప్పుడు కాదు. టార్చి అప్పుడు ఉపయోగం.

1854 జనవరి 1న తెల్లవారుజామున ఈ కొండ ఎక్కినవాళ్లు ఐదుగురు: జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు విశ్వాసి (నర్సు అంటే ఇక్కడ మనిషి పేరే, ఉద్యోగం కాదు), జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. యెషయా గ్రంథం 52వ అధ్యాయం చదివి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని ఒక్కొక్కరూ ప్రార్థన చేశారు. నాగజెముడు కమ్ముకున్న ఒక మెరక కింద కనబడితే, అక్కడ మన బంగళా ఉంటే బావుండదా అని జూయెట్ జూలియాను అడిగాడంటారు. ప్రార్థనలో అడిగిన ఆ మిషనరీ ఒంగోలు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. మధ్యలో జూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లాడు, బోర్డు మళ్లీ మూసేద్దామంది, ఒంటరిగానైనా తిరిగిపోతానని ఆయన మొండికేశాడు. ఆయన వెంట వచ్చిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

కొండ మీద అరగంట చాలు. అక్కడ స్పీకరు పెట్టి పాటలు వేసే బృందాలు కొన్ని వస్తాయి. చుట్టూ నిద్రపోయే ఇళ్లున్నాయి, ఐదుగురూ స్పీకరు లేకుండానే ప్రార్థన చేశారు.

ఏడున్నరకు మళ్లీ ఆ చిన్న గుడికి. రసం గ్లాసుల్లో పోసేది ఇప్పుడే, రాత్రి పోస్తే చీమలు చేరతాయి. చెంబుతో పోస్తే సగం పళ్లెంలోకే పోతుంది. ఆమె వాడేది సూది లేని కొత్త ఇరవై మిల్లీలీటర్ల సిరంజి. ఒకసారి లాగితే రెండు గ్లాసులు, గ్లాసుకు పది మిల్లీలీటర్లు. ఎనభై సార్లు లాగితే 160 నిండుతాయి, ఒకటిన్నర లీటరు పైన ఖర్చు. పది మిల్లీలీటర్లకు మించి పోస్తే పళ్లెం చేతులు మారేటప్పుడు తొణికి తెల్లచీరల మీద పడుతుంది. ఎండుద్రాక్ష మరక సబ్బుకు లొంగదు.

లెక్క కోసం ఆమె అంకెలు వాడదు. ఇంటి పేరు అనుకుంటూ పోస్తుంది: ఫలానా వాళ్లు నలుగురు, నాలుగు గ్లాసులు. ఫలానా ముసలాయన, ఒకటి. పెదాలు కదులుతాయి, శబ్దం ఉండదు. మూడో పళ్లెం మధ్యలో సిరంజి ఆగింది. ఒక గ్లాసు దగ్గర పేరు తట్టలేదు. కళ్లు మూసుకుని చూసింది, రాలేదు. గ్లాసు నింపి ముందుకు పోయింది. పక్కనున్న అమ్మాయి ఫోనులో సభ్యుల జాబితా తీసి చూపించబోతే వద్దంది.

"మర్చిపోయానంటే చూసి శానా రోజులైందన్నమాట. రేపు పొయ్యొస్తా. నేను పోయి చూడకుండా దేవుడికేమని చెప్పేది?"

అర్ధరాత్రి దాటాక ఆ పేరు గుర్తొచ్చిందని మర్నాడు చెప్పింది. ఊరు మద్దిపాడు దాటాక.

తొమ్మిదిన్నరకు ఆరాధన. వేరే సంఘం వాళ్లయినా, మతం వేరైనా వెనక కూర్చోవడానికి అడ్డు లేదు. బల్ల మాత్రం బాప్తిస్మం తీసుకున్న విశ్వాసులకు. పళ్లెం మీ దగ్గరకొస్తే మొహమాటపడి తీసుకోవద్దు, పక్కవాళ్లకు అందిస్తే ఎవరూ తప్పుపట్టరు. గ్లాసు తీసుకున్నవాళ్లు వెంటనే తాగకూడదు. అందరికీ చేరాక, పాస్టరు గారు చెప్పాక, ఒక్కసారే. గదిలో 150 గ్లాసులు ఒకేసారి బెంచీల అంచుల మీదికి దిగే చిన్న శబ్దం వినాలి. ఆమె తలుపు దగ్గర ఆఖరి బెంచీలో కూర్చుంటుంది, గ్లాసులు ముందుగా పోగుచేసుకోవడానికి.

ఆ గ్లాసుల దగ్గర 1866 గుర్తు రాక మానదు. ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడు మాదిగ పల్లె నుంచి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చి, భార్య నాగమ్మతో బాప్తిస్మం తీసుకున్న ఏడు అది. తోళ్ల బేరం మీద ఏలూరు దాకా తిరిగేటప్పుడు విన్న మాట పట్టుకుని వచ్చినవాడు. ఆయన వెనక ఆయన మనుషులు రావడం మొదలైంది. అప్పటిదాకా క్లౌ బడికి పిల్లలను పంపుతున్న పై కులాల పెద్దలు, వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు కొత్త నిబంధన తీసి తెరిస్తే, ఇద్దరికీ వచ్చింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం నుంచి: లోకం ఎన్నిక లేనివాళ్లనుకున్నవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. వచ్చినవాళ్లను చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది.

మధ్యాహ్నం కొత్తపట్నం దారి పట్టండి. సముద్రానికి ముందు రోడ్డు బకింగ్‌హాం కాలువను దాటుతుంది. వంతెన మీద ఆగి చూస్తే గుర్రపుడెక్క, బురద, ఓ పక్క గేదెలు. ధాత నామ సంవత్సరపు కరువు రోజుల్లో, 1876 నుంచి 78 దాకా, మద్రాసు ప్రభుత్వం కూలి చూపించడానికి తవ్వించిన భాగం ఇది. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పనిచేసినవాడు కాబట్టి కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. బోధకులు మేస్త్రీలయ్యారు, ఒక్కొక్కరి కింద వంద మంది దాకా కూలీలు. పని ఆగినప్పుడు చెట్టు కింద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు నడిచిన పదిహేను నెలలూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. రేపు వెల్లంపల్లిలో చూడబోయేది ఆ ఆగినదంతా ఒక్కసారిగా కదలడం.

నాలుగో రోజు, సోమవారం: వెల్లంపల్లి

ఒంగోలు నుంచి ఉత్తరంగా హైవే మీద పదహారు కిలోమీటర్ల దాకా. షేర్ ఆటోలు దొరుకుతాయి, ఉదయం ఏడున్నర లోపు పోతే బడిపిల్లల రద్దీ ఉండదు. ఆ పెద్దమ్మ అదే ఆటోలో. సంచిలో రెండు బ్రెడ్డు పొట్లాలు. ఆమె వెళ్లాల్సిన ఇల్లు ఇంకా ముందుకు, కాబట్టి వెల్లంపల్లిలో దిగేవాళ్లే ముందు దిగాలి. గుండ్లకమ్మ ఏటి వంతెన దగ్గర హైవే దాటేటప్పుడు జాగ్రత్త, లారీలు ఆగవు. ఇసుక తవ్విన చోట్ల పైకి కనబడని గుంటలుంటాయి. నీళ్లు మోకాలి లోతే కదా అని నడుచుకుంటూ పోవద్దు. ఎగువన మల్లవరం దగ్గర రిజర్వాయరు ఉంది, అక్కడ నీళ్లు వదిలారేమో ముందే ఊళ్లో అడగండి.

1878 జూన్ నడిమి నుంచి జనం రావడం మొదలైంది. ఒంగోలులో అమ్మవారు పోసి ఉండడంతో అందరినీ వెల్లంపల్లి దగ్గర ఏటి ఒడ్డున చేరమన్నారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536. జూలై ఆఖరుకు ఆ నెలన్నర మొత్తం 8,691. జూలై 3న బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, క్లౌ కాదు. ఒకసారికి ఇద్దరే నీళ్లలో నిలబడ్డారు, అలసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపి, రెండింటికి మళ్లీ దిగి, చీకటి పడేసరికి ముగించారు. తొమ్మిది గంటల పని. లెక్క వేస్తే నీళ్లలో నిలబడ్డ ఇద్దరిలో ఒక్కొక్కరికి గంటకు 123 మంది, అరనిమిషానికి ఒకరు.

అది కుదిరే పనేనా అని అనుమానించేవాళ్లు నీళ్లలో ముంచే పద్ధతి చూడాలి. నడుము లోతు కావాలి. తక్కువైతే మనిషిని ఎత్తి దించాల్సి వస్తుంది, బోధకుడి నడుము పదిమందికే పోతుంది. ఎక్కువైతే కాలు తేలుతుంది. మునిగే మనిషి తల ఏటికి ఎగువ వైపు ఉండాలి. అప్పుడు ప్రవాహం నుదుటి నుంచి గడ్డానికి పారుతుంది, ముక్కుల్లోకి ఎక్కదు. పైగా నీళ్లే వీపు కింద తోసి లేపుతాయి. తల దిగువకు పెడితే ఉక్కిరిబిక్కిరై చేతులు కొట్టుకుంటారు, అదే ఆలస్యం. ఒకరు లేస్తుండగానే ఇంకొకరు పక్కకొచ్చి నిలబడితే అరనిమిషం ఎక్కువే. ఇప్పటి గుళ్లలో ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు సిమెంటు తొట్టి కట్టుకుంటున్నారు. మూడడుగుల నీళ్లకు 2,700 లీటర్లు, ట్రాక్టరు ట్యాంకరులో సగం. పారే నీళ్లు కావు కాబట్టి ముప్పై మంది దాటితే బురదరంగు తిరుగుతుంది.

పదకొండుకు తిరుగు ఆటో ఎక్కితే వెనక సీట్లో ఆమె. ఇల్లు దొరికింది, మనిషి మంచాన పడి మూడు నెలలైంది, పాస్టరు గారిని తీసుకుని మళ్లీ రావాలి అని రెండు ముక్కల్లో చెప్పేసింది. ఏరు చూశారా అనడిగింది. 2,222 అన్న అంకె చెబితే కాసేపు మాట్లాడలేదు. అంత జనానికి ఎవరు వండారనో, ఎలా వచ్చారనో అడుగుతుందనుకుంటే, "ఆడోళ్లు తడిబట్టలు యాడ మార్చుకున్నారో" అంది.

ఆటో త్రోవగుంట దగ్గర ఆగింది. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఎక్కడానికి ఆమె సంచి ఒళ్లోకి తీసుకుని జరిగింది.

"కరువు ఏడు గదా. రెండో చీర ఉంటే గదా మార్చుకునేది. ఆరేదాకా అట్టానే నడిచుంటారు."

ఒంగోలు ఊళ్లోకి రాకముందే దిగి, వద్దన్నా వినకుండా డ్రైవరు చేతిలో తన ఇరవై రూపాయలు తనే పెట్టి, ఎండలో కొంగు తల మీదికి లాక్కుంటూ సందులోకి తిరిగింది.